పాట చివర పేరు చెప్పిన గాయని గౌహర్ జాన్



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించో, శాస్త్రజ్ఞుల గురించో రాసేవారు మనలో చాలామందే ఉన్నారు. నేను ముప్పై రెండేళ్లు రేడియోలో పనిచేశాను. అందులో సగానికి పైగా వాణిజ్య ప్రకటనల విభాగంలోనే గడిచింది. సబ్బులు, ఎరువులు, తలనొప్పి మాత్రలు, చీరల దుకాణాలు అన్నీ నా బల్ల మీదుగా గాలిలోకి వెళ్లినవే. ఒక గొంతు వినగానే వస్తువు పేరు గుర్తుకు రావాలి, ఒక రాగం వినగానే దుకాణం కళ్ల ముందు కనిపించాలి. అదే మా పని. ఈ విద్యకు మన దేశంలో మొదటి గురువు ఎవరని ఎవరైనా నన్ను అడిగితే, నేను చెప్పే పేరు గౌహర్ జాన్. అందుకే ఆమె జీవితాన్ని ఎంచుకున్నాను.

ఆమె కాలం చేసి తొంభై ఏళ్లు దాటింది. ఆమె బతికిన రోజుల్లో ఆమెను పిలిచి పాట వినే పెద్దమనుషులు చాలామంది ఉండేవారు కాని, ఇంటి ముంగిట కూర్చోబెట్టి మర్యాద చేసేవారు తక్కువ. మన తెలుగు వ్యాసాల్లో కూడా ఇటువంటి గాయనులను ఏకవచనంలో రాయడం పాత అలవాటు. నేను మాత్రం మన్నించే రాస్తాను.

పుట్టుక, పెంపకం

గౌహర్ జాన్ 1873 జూన్ 26న ఉత్తర ప్రాంతంలోని ఆజంగఢ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏంజెలీనా యోవర్డ్. తండ్రి రాబర్ట్ విలియం యోవర్డ్ ఆర్మీనియా సంతతివాడు, ఇంజనీరు. తల్లి విక్టోరియా హెమింగ్స్ మన దేశంలో పుట్టిన స్త్రీ. ఆమెకు సంగీతం, నృత్యం, కవిత్వం మూడూ వచ్చు. పిల్లకు ఆరేళ్లు వచ్చేసరికి, 1879లో, ఆ సంసారం విడిపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేని తల్లి కూతురిని వెంటబెట్టుకుని 1881లో కాశీ చేరింది. అక్కడే ఇద్దరూ ఇస్లాం మతం స్వీకరించారు. విక్టోరియా మల్కా జాన్ అయింది, ఏంజెలీనా గౌహర్ జాన్ అయింది. గౌహర్ అంటే రత్నమని అర్థం.

కాశీలో మల్కా జాన్ పేరు కొద్దికాలానికే మారుమోగింది. అదే పేరుతో మరికొందరు గాయనులు ఉండడం వల్ల ఈమెను బడీ మల్కా జాన్ అనేవారు. అంటే పెద్ద మల్కా జాన్. గొంతుతో బతికేవారికి పేరు కలిసిపోవడం ఎంత పెద్ద ఇబ్బందో ఆ తల్లికి అప్పుడే తెలిసింది. కూతురికీ తెలిసే ఉంటుంది.

1883లో తల్లీకూతుళ్లు కలకత్తా వెళ్లారు. లక్నో రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా అప్పట్లో ఆ ఊరి పక్కన మటియాబుర్జ్‌లో చిన్న దర్బారు నడుపుతున్నాడు. మల్కా జాన్‌కు అక్కడ చోటు దొరికింది. మూడేళ్లు తిరక్కుండానే ఆమె చిత్‌పూర్ రోడ్డులో నలభై వేల రూపాయలు పెట్టి ఇల్లు కొన్నది. చిత్‌పూర్ రోడ్డునే ఇప్పుడు రవీంద్ర సరణి అంటున్నారు. గౌహర్ చదువు ఆ ఇంట్లోనే సాగింది. పాటియాలా ఉస్తాదుల దగ్గర హిందుస్తానీ గాత్రం, బిందాదీన్ మహారాజ్ దగ్గర కథక్, చరణ్ దాస్ దగ్గర బెంగాలీ కీర్తన నేర్చుకున్నారు. హమ్‌దమ్ అనే కలం పేరుతో ఉర్దూ గజళ్లు కూడా రాసేవారు. 1887లో దర్భంగా మహారాజా ఆస్థానంలో మొదటి కచేరీ చేశారు. అప్పటికి ఆమె వయసు పద్నాలుగేళ్లు.

1902 నవంబరు

లండన్‌లోని గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీకి మన దేశం పెద్ద బజారులా కనిపించింది. యంత్రాలు అమ్మాలంటే ముందు వాటి మీద పెట్టే ప్లేట్లు కావాలి. ఇంగ్లీషు పాటల ప్లేట్లు కొనేది దొరలు మాత్రమే. ఈ దేశపు జనం కొనాలంటే ఈ దేశపు పాటే ఉండాలి. ఆ పని మీద ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు 1902 అక్టోబరులో కలకత్తాలో ఓడ దిగాడు. నవంబరు 8న నాటకశాలకు చెందిన శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు యువతుల పాటలు పట్టాడు. అవి ఆయనకు అంతగా రుచించలేదు. నవంబరు 11న ఒక హోటలు గదిలో అప్పటికప్పుడు అమర్చిన రికార్డింగు గదికి గౌహర్ జాన్ వచ్చారు.

మన ఇంజనీరింగు మిత్రులకు ఆ గది ఎలా ఉండేదో చెబితే నవ్వు వస్తుంది. మైకు లేదు, యాంప్లిఫయర్ లేదు, కరెంటే లేదు. గోడలోంచి ఒక పెద్ద తగరపు గొట్టం బయటికి వచ్చి ఉంటుంది. గాయని తన ముఖాన్ని దాదాపు ఆ గొట్టంలో పెట్టి గట్టిగా పాడాలి. ఆ ధ్వనికి గొట్టం చివర ఉన్న పలచని పొర అదురుతుంది. పొరకు బిగించిన సూది కింద తిరుగుతున్న మైనపు పళ్లెం మీద గాడి గీస్తుంది. తబలా, సారంగీ, హార్మోనియం వాళ్లను ముందుకో వెనక్కో జరిపితే అదే బాలెన్సింగు. స్వరం పైకి వెళ్లినప్పుడు గాయని తల వెనక్కి తీసుకోవాలి, కింది స్వరానికి ముందుకు వంగాలి. తప్పు పోతే ఆ పళ్లెం పనికిరాదు, మొదటి నుంచి మళ్లీ పాడాల్సిందే. మనం బ్లేడుతో టేపు కోసి అతికించిన రోజులు దీని ముందు రాజభోగం.

ఆ కాలంలో పేరున్న ఉస్తాదులు చాలామంది ఈ గొట్టాన్ని చూసి మొహం తిప్పుకున్నారు. యంత్రం గొంతును పీల్చేసుకుంటుందని కొందరి భయం. ఇంట్లో దాచుకున్న విద్య వీధిలో పడుతుందని మరికొందరి బాధ. పాటకు వేళ ఉంటుంది కదా, ఉదయపు రాగాన్ని ఎవడో అర్ధరాత్రి పెట్టుకుని వింటే ఎలా అని ఇంకొందరి ప్రశ్న. ముందుకు వచ్చినవారు ఎక్కువగా గౌహర్ వంటి వృత్తి గాయనులు. పోగొట్టుకోవడానికి సంఘం వారికి ఇచ్చిన పరువు ఎలాగూ పెద్దగా లేదు. కొత్త బజారు విలువ మాత్రం వారికి చక్కగా తెలుసు. ఆ రోజుల్లో గౌహర్ ఒక్కో రికార్డింగుకు మూడు వేల రూపాయలు పుచ్చుకునేవారని చెబుతారు. వచ్చిన ప్రతిసారీ కొత్త నగలు, కొత్త దుస్తులు, వెనుక పరివారం. ఆ వైభవం చూసి గైస్‌బర్గ్ తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా రాసుకున్నాడు.

పేరు ఎందుకు చెప్పారు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాట ముగియగానే, సూది ఇంకా తిరుగుతూ ఉండగానే, గౌహర్ జాన్ గట్టిగా, హుషారుగా, ఇంగ్లీషులో తన పేరు గౌహర్ జాన్ అని ప్రకటించేవారు. పాత రికార్డులు విన్నవారికి పాట మరిచిపోయినా ఆ ఒక్క వాక్యం మరుపు రాదు.

దీనికి కారణం చాలా మామూలుది. మన దేశంలో అప్పట్లో ప్లేట్లు అచ్చు వేసే కర్మాగారం లేదు. మైనపు పళ్లేలను ఓడలో జర్మనీలోని హానోవర్‌కు పంపేవారు. అక్కడి పనివారికి హిందుస్తానీ రాదు, బెంగాలీ రాదు. ఏ పాట ఎవరిదో తెలియక ఒకరి పేరు మరొకరి ప్లేటు మీద పడే ప్రమాదం ఉంది. అందుకని పాడినవారు చివర తమ పేరు చెప్పే పద్ధతి పెట్టారు. మన భాషలో చెప్పాలంటే అది స్పూలు డబ్బా మీద అంటించే క్యూ షీటు లాంటిది. కర్మాగారం గుమాస్తా కోసం పెట్టిన గుర్తు, అంతే.

కాని ప్లేట్లు 1903లో తిరిగివచ్చి బజారులో పడ్డాక, గుమాస్తా కోసం చెప్పిన ఆ మాట కొనుగోలుదారుకు చేరింది. ఒక చిన్న ఊళ్లో, చదువురాని మనిషి ఆ ప్లేటు పెట్టుకుంటాడు అనుకోండి. లేబులు మీద ఇంగ్లీషు అక్షరాలు అతనికి తెలియవు. పాట చివర ఆ పేరు మాత్రం చెవిన పడుతుంది. మర్నాడు దుకాణానికి వెళ్లి ఆ పేరే అడుగుతాడు. ఇక్కడ పేరే సరుకు, గొంతే ముద్ర. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మొదటి ప్లేట్ల మీద మనకు అలవాటైన కుక్క బొమ్మ ఉండేది కాదు, రాస్తున్న దేవదూత బొమ్మ ఉండేది. మన పల్లెల్లో కుక్క బొమ్మ ప్లేట్లు అన్న మాట పుట్టడానికి ముందే గౌహర్ గొంతు ఒక ట్రేడు మార్కు అయిపోయింది.

ఈ సూత్రమే తర్వాత కాలంలో ఎన్నో రూపాల్లో వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1940లో, శత్రువులు నకిలీ వార్తలు ప్రసారం చేస్తారేమోనని బీబీసీ వారు వార్తలు చదివేవారి చేత పేరు చెప్పించడం మొదలుపెట్టారు. కొంగర జగ్గయ్య గారు సినిమాల్లో స్థిరపడక ముందు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన సంగతి మనకు తెలుసు. వార్తల కంటే ముందు ఆ పేరు, ఆ కంఠం మన పెద్దలకు నమ్మకం కలిగించేవి. 1936లో వాల్టర్ కాఫ్‌మన్ ఆకాశవాణికి కట్టిన సిగ్నేచర్ ట్యూన్ మాటలు లేకుండానే సంస్థ పేరు చెప్పింది. 1952 డిసెంబరులో రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైతే, అమీన్ సయానీ గొంతు విన్నవారికి టూత్‌పేస్టు పేరు దానంతట అదే నోటికి వచ్చేది. అదే సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కోసం రేడియో చెవికి ఆనించుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1967 నవంబరు 1న వివిధభారతిలో వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాక ఈ విద్యకు ప్రభుత్వ ముద్ర కూడా పడింది.

మూడు నిమిషాల విద్య

గౌహర్ జాన్ నుంచి మన అనౌన్సర్లు, స్క్రిప్టు రాసేవారు నేర్చుకోవలసినది మరొకటి ఉంది. దర్బారులో ఒక ఖయాల్ గంట సేపు సాగుతుంది. ప్లేటు మీద పట్టేది రెండు మూడు నిమిషాలు. చాలామంది పాడుతూ పాడుతూ మధ్యలో ఆగిపోయేవారు, ప్లేటు అయిపోయేది. గౌహర్ మాత్రం ఆ కొలతకే పాటను కొత్తగా కట్టుకున్నారు. ఒక్క చిన్న ఆలాపనలో రాగం రూపం చూపించడం, వెంటనే పల్లవి అందుకోవడం, నడుమ రెండు మూడు మెరుపు లాంటి తానాలు, చివర పేరు చెప్పడానికి కొద్ది సెకన్లు మిగుల్చుకోవడం. పాట తెగినట్టు ఉండదు, తొందర పడినట్టూ ఉండదు. ముప్పై సెకన్ల ప్రకటనలో కథ, ఊరట, వస్తువు పేరు ఇమడ్చడానికి తంటాలు పడినవాడిగా చెబుతున్నాను, ఇది చిన్న విద్య కాదు. ఠుమ్రీ, దాద్రా, కజ్రీ, తరానా, భజన అన్నింటినీ ఆమె ఈ కొలతలో కూర్చారు. తర్వాత వచ్చిన హిందుస్తానీ గాయకులు దశాబ్దాల పాటు ఇంచుమించు ఆ అచ్చులోనే పాడారు.

1902 నుంచి 1920 వరకు ఆమె ఆరు వందల దాకా పాటలు రికార్డు చేశారని లెక్క. భాషలు పదికి పైనే. బెంగాలీ, హిందుస్తానీ, గుజరాతీ, మరాఠీ, తమిళం, అరబ్బీ, పారశీకం, పష్తో, ఫ్రెంచి, ఇంగ్లీషు ఆ పట్టికలో ఉన్నాయి. నేను చూసిన పట్టికల్లో తెలుగు లేదు. అది మన దురదృష్టం అనుకోవాలి. ఒక వినియోగదారుణ్ణి అతని భాషలో పలకరిస్తే అతను మనవాడవుతాడన్నది ఇప్పటి ప్రకటనల కంపెనీలు లక్షలు ఖర్చు పెట్టి తెలుసుకునే సత్యం. ఆమెకు అది పాట పాడగానే తెలిసింది.

పేరు, వ్యాపారం

1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం వెలిసింది. అప్పటికే గౌహర్ జాన్ బొమ్మతో పిక్చర్ పోస్టుకార్డులు అమ్ముడయ్యేవి. ఆస్ట్రియాలో తయారై మన దేశానికి దిగుమతి అయ్యే అగ్గిపెట్టెల మీద కూడా ఆమె బొమ్మ వేశారు. ఆమె పాట వినని ఇంట్లో కూడా ఆమె బొమ్మతో పొయ్యి వెలిగేదన్నమాట. ఆ అగ్గిపెట్టెల మీద ఆమెకు ఏమైనా ముట్టిందా అంటే, ఆ కాలంలో అటువంటి హక్కు ఒకటి ఉంటుందని అడిగే చట్టమే లేదు.

1910లో ఆమె మద్రాసు వచ్చి విక్టోరియా పబ్లిక్ హాల్లో కచేరీ చేశారు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా మద్రాసే రాజధాని. ఆ కచేరీ తరువాత ఆమె హిందుస్తానీ, ఉర్దూ పాటలు ఒక తమిళ సంగీత పుస్తకంలో అచ్చయ్యాయి. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట అలహాబాదు జానకీబాయితో కలిసి పాడారు. ఇద్దరికీ వంద బంగారు నాణేలు బహుమతిగా ఇచ్చారని చెబుతారు.

ఆమె దర్పం గురించి కథలు చాలా ఉన్నాయి. నాలుగు గుర్రాల బండిలో కలకత్తా వీధుల్లో తిరిగి, పెద్ద అధికారులకు మాత్రమే చెల్లే ఆ హోదాకు జరిమానా కట్టారట. పెంపుడు పిల్లి పిల్లలు పెడితే వేల రూపాయలతో విందు చేశారట. ఇందులో నిజమెంతో, జనం కలిపిందెంతో వేరు చేయడం కష్టం. గాంధీగారి స్వరాజ్య నిధి కథ మాత్రం నాకు ఇష్టమైనది. నిధి కోసం పాడమని అడిగితే, గాంధీగారు స్వయంగా కచేరీకి రావాలని ఆమె షరతు పెట్టారట. ఆయనకు వీలుపడలేదు. డబ్బు తీసుకోవడానికి మౌలానా షౌకత్ అలీ వస్తే, వసూలైన ఇరవై నాలుగు వేలలో సగమే ఇచ్చి, మాటలో సగం తప్పినందుకు నిధిలో సగం అని లెక్క చెప్పారట. కథ ఎంతవరకు నిజమైనా, తన పాటకు తగిన మర్యాద కూడా బాకీయే అని ఆమె నమ్మారన్నది ఇందులో కనిపిస్తుంది.

కోర్టుల చుట్టూ

1906లో తల్లి మల్కా జాన్ కన్నుమూశారు. గౌహర్ కష్టాలు అక్కడి నుంచి మొదలయ్యాయి. ఇంట్లో పనిమనిషి కొడుకుగా పెరిగిన భగలూ అనే అతను, తానే మల్కా జాన్‌కు అసలు కొడుకునని, ఆస్తి తనదేనని దావా వేశాడు. దేశమంతా తెలిసిన గొంతు, ప్లేట్ల మీద లక్షల మందికి తన పేరు చెప్పిన గొంతు, కోర్టులో మాత్రం తాను ఎవరి బిడ్డో రుజువు చేసుకోవలసి వచ్చింది. ఎప్పుడో వదిలి వెళ్లిన తండ్రిని వెతికి పట్టుకుని సాక్ష్యం చెప్పించారు. కేసు గెలిచారు. దానికి అయిన ఖర్చు, పడిన మనోవ్యథ వేరే లెక్క.

తర్వాత తన దగ్గర కార్యదర్శిగా ఉన్న సయ్యద్ గులాం అబ్బాస్‌ను వివాహం చేసుకున్నారు. అతను ఆమె కంటే చాలా చిన్నవాడు. కొన్నేళ్లకు ఆ సంబంధం చెడింది. ఆస్తి వ్యవహారం మళ్లీ కోర్టుకెక్కింది. అంతకు ముందే ఆమెకు సన్నిహితుడైన గుజరాతీ రంగస్థల నటుడు అమృత్ కేశవ్ నాయక్ 1907లో హఠాత్తుగా మరణించాడు. చిత్‌పూర్ రోడ్డు వైభవం వకీళ్ల ఫీజులకు, ఒప్పందాలకు కరిగిపోయింది. ఆరు వందల పాటలు పాడినా, ప్లేటు అమ్మినప్పుడల్లా ఇంత అని నెలనెలా వచ్చే ఆధారమేదీ ఆమెకు లేకపోయింది. పాడిన రోజు చేతికి వచ్చిందే సంపాదన. 1925 తరువాత మైకుతో విద్యుత్ రికార్డింగు వచ్చింది. గొట్టంలోకి గట్టిగా పాడే కంఠాల కాలం పోయి, మెత్తగా పాడే కంఠాల కాలం వచ్చింది. కలకత్తా, డార్జిలింగ్, బొంబాయి ఇలా ఊళ్లు మారుతూ చివరకు ఆమె దక్షిణాదికి వచ్చారు.

మైసూరులో చివరి నెలలు

మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు సంగీత ప్రియుడు. తెలుగులో ఎన్నో కృతులు రచించిన వాసుదేవాచార్యులు గారు ఆ ఆస్థాన విద్వాంసులే. 1928 ఆగస్టు 1న గౌహర్ జాన్‌ను ఆస్థాన గాయనిగా నియమించారు. జీతం నెలకు ఐదు వందల రూపాయలు. ఉండడానికి దిల్‌ఖుష్ కాటేజీ ఇచ్చారు.

యాభై అయిదేళ్ల వయసులో ఆమెకు దొరికిన నెల జీతం అది! మనం పదవీ విరమణ చేసే వయసులో ఆమె ఉద్యోగంలో చేరారు. ఒకప్పుడు ఒక్క పూట రికార్డింగుకు మూడు వేలు పుచ్చుకున్నారని పేరున్న మనిషికి అది ఆరు నెలల జీతం. ఆ కాలపు రాజభవనం ఫైళ్లలో ఆమె ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి. విక్రమ్ సంపత్ అనే రచయిత వాటిని తీసి చదివి 2010లో ఆమె జీవిత చరిత్ర ప్రచురించారు. ఆ ఉత్తరాల్లో సంగీతం గురించి కంటే ఆదాయపు పన్ను కోత గురించి, మినహాయింపు కోసం విన్నపాల గురించి ఎక్కువగా ఉండడం నన్ను కదిలించింది. చక్రవర్తి ఎదుట పాడిన మనిషి, జీతంలో కోత ఎందుకు పడిందని గుమాస్తాకు అర్జీ రాసుకున్నారు. మన సంఘం కార్యాలయంలో డీఏ బకాయిల అర్జీలు, పెన్షన్ సవరణ అర్జీలు రాసేటప్పుడు నాకు ఆ మైసూరు ఫైలు గుర్తుకు వస్తూ ఉంటుంది.

పద్దెనిమిది నెలలు కూడా నిండలేదు. 1930 జనవరి 17న మైసూరులోని కృష్ణరాజేంద్ర ఆసుపత్రిలో ఆమె మరణించారు. దగ్గర బంధువులెవరూ పక్కన లేరు. ఆమె పోయాక మాత్రం, మేము వారసులమంటూ, మాకు బాకీ ఉన్నారంటూ ప్రభుత్వానికి ఉత్తరాలు వచ్చాయి. ఉన్నప్పుడు రానివారు లేనప్పుడు వచ్చారు. 2018 జూన్ 26న ఆమె పుట్టినరోజుకు గూగుల్ సంస్థ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ పెట్టింది. అగ్గిపెట్టె నుంచి కంప్యూటరు దాకా ఆమె బొమ్మ ప్రయాణం చేసింది.

మనకు ఏమిటి

ఇంత దూరం చదివిన మిత్రులకు ఒక ముక్క మన సంగతి కూడా చెప్పాలి. మా కేంద్రానికి క్యాజువల్‌గా వచ్చే ఒక అమ్మాయి చాలా ఏళ్ల క్రితం ఒక తలనూనె ప్రకటనకు గొంతు ఇచ్చింది. ఆ ఒక్క పూటకు డెబ్భై అయిదు రూపాయలు ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఆ ప్రకటన తొమ్మిదేళ్లు వచ్చింది. ఒకసారి ఆమె వీధిలోని కొట్టుకు వెళ్లి ఆ నూనె అడిగితే, కొట్టువాడు సీసా తీస్తూ ఆమె పలికిన వాక్యాన్నే ఆమె యాసలోనే పాడి వినిపించాడట. ఎదురుగా ఉన్నది ఆ గొంతే అని అతనికి తెలియదు. ఆమె నవ్వుతూ చెప్పింది కాని, ఆ నవ్వులో ఏముందో విన్నవాళ్లందరికీ అర్థమైంది. తరువాత ఆ కంపెనీ వారికి ఆమె రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు.

ఆమెకు అప్పట్లో చట్టపు అండ లేదు. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో పాడినవారికి, పలికినవారికి విడిగా హక్కు లేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణలో, తాను చేసిన ప్రదర్శనకు తన పేరు గుర్తించమని కోరే హక్కును, దాన్ని తన పరువుకు భంగం కలిగేలా వికృతం చేయకుండా ఆపే హక్కును కూడా చేర్చారు. వాడుక తీరును బట్టి పేరు చెప్పడం కుదరని చోట మినహాయింపు ఉంది. అయినా హక్కు హక్కే. గౌహర్ జాన్ 1902లో గొట్టంలోకి అరిచి సంపాదించుకున్నది ఇంచుమించు ఈ హక్కునే. చట్టం రావడానికి నూట పదేళ్లు పట్టింది.

ఇప్పుడు కొత్త గొట్టం వచ్చింది. కొద్ది నిమిషాల గొంతు ఉంటే చాలు, కంప్యూటరు ఆ గొంతుతో మనం ఎన్నడూ పలకని మాటలు పలికిస్తుంది. మన సభ్యుల్లో చాలామంది గొంతులు పాత టేపుల్లో, సెల్‌ఫోన్లలో, పిల్లలు సరదాగా ఎక్కించిన వీడియోల్లో ఉన్నాయి. పదవీ విరమణ తరువాత కూడా కొందరు మిత్రులు దుకాణాల ప్రకటనలకు, బస్‌స్టాండ్ ప్రకటనలకు, ఆలయాల కార్యక్రమాలకు గొంతు ఇస్తున్నారు. సంతోషం. వారికి నా మనవి మూడు మాటల్లో చెబుతాను. గొంతు ఇచ్చేముందు ఎంత కాలం వాడతారో, ఎక్కడ వాడతారో కాగితం మీద రాయించుకోండి. కంప్యూటరుతో నకలు తీయకూడదన్న షరతు అందులో చేర్పించండి. వీలున్న చోట మీ పేరు వేయమని మొహమాటం లేకుండా అడగండి. పేరు అడగడం అహంకారం కాదు. అది పని చేసిన మనిషి గుర్తు.

నాలుగో మాట గొంతు ఇచ్చినవారికే కాదు, మనందరికీ వర్తిస్తుంది. బ్యాంకు ఖాతాలో, పెన్షన్ కాగితాల్లో నామినీ పేరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. వీలునామా రాయాలని అనుకుంటూ వాయిదా వేస్తున్నవారు ఇక వాయిదా వేయకండి. తన పేరు దేశమంతటికీ వినిపించిన మనిషి, తన తరువాత తన వస్తువులు ఎవరివో చెప్పేవారు లేకుండా వెళ్లిపోయారు. ఈ నామినేషన్ పత్రాలు నింపడంలో ఎవరికైనా సాయం కావాలంటే, ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం సంఘం కార్యాలయంలో నేను, మరో ఇద్దరు మిత్రులు అందుబాటులో ఉంటాం. వచ్చేటప్పుడు పీపీఓ నకలు, ఆధార్ కార్డు వెంట తెచ్చుకోవలసిందిగా కోరుతున్నాను.